పెద్దమ్మ రొండిలోని చాకు

పెద్దమ్మ పోయిందని ఆమె తమ్ముడే మా కట్టెల డిపోకు వచ్చి చెప్పాడు. దబీర్‌పురా స్టేషన్ వెనక ఉన్న ఆ డిపోలో నేను గుమాస్తాని. రంపం చప్పుడులో మొదట వినబడలేదు. మిషన్ ఆపించి బయటికి వచ్చాను.

"అక్క పోయిందన్నా. పొద్దున పాలు పిండింది, చెంబు పక్కకు పెట్టి కూసున్నది. గట్లనే ఒరిగింది" అన్నాడు. సైకిల్ వైపు తిరిగి, "బర్లు కట్టేసే ఉన్నయ్. ఎవలన్న చూస్తున్నరో లేదో" అని మళ్లీ సైకిలెక్కాడు.

చావు కబురు చెప్పడానికి వచ్చిన మనిషి కట్టేసిన బర్రెల గురించి కంగారు పడడం బయటివాళ్లకు వింతగా ఉండొచ్చు. ఆ ఇంట్లో నాలుగేళ్లు అద్దెకున్న నాకు వింత కాదు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. నల్లగొండ దిక్కు పల్లె నుంచి నేను పనికోసం వచ్చినప్పుడు గౌలిపురలో తన బర్రెల కొట్టం ముందున్న గది నాకు ఇచ్చింది. గల్లీ అంతా పెద్దమ్మా అనేవాళ్లు, నేనూ అన్నాను. అప్పటికే భర్త లేడు. పిల్లలు లేరు. తల్లి పోతే చిన్నతనం నుంచి తనే పెంచిన తమ్ముడు అప్పట్లో గల్ఫ్‌లో లారీ నడిపేవాడు.

ఆమె భయస్తురాలు. ఆ భయానికి కారణం ఒక్కసారే చెప్పింది, తవుడు కలుపుతూ. భర్త పోయిన కొత్తలో పాలు పొయ్యడానికి వెళ్లి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఒక బర్రె ముందరి కాలు మేత వేసే గాడి మీదికి వేసి, తాడు మెడకు బిగిసి, చచ్చి ఉంది. ఇంట్లో తాడు కోసేవాళ్లు లేరు. వెనకటి జనపనార తాడైతే గట్టిగా గుంజితే తెగేదేమో. అప్పుడప్పుడే నైలాన్ తాళ్లు వచ్చాయి. అవి తెగవు, ముడి తడిస్తే ఊడదు. మా ఊళ్లో కూడా ఆ రోజుల్లో ఇట్లాగే రెండు మూడు పశువులు పోయాయి.

అప్పటి నుంచి పెద్దమ్మ ఇంటినిండా చాకులు పెట్టింది. ఒకటి రొండిలో, ఒకటి కొట్టం రేకు సందులో, ఒకటి తవుడు డబ్బాలో, ఒకటి నీళ్ల గోలెం గట్టు మీద. అన్నీ చవకరకం మడత చాకులే. చేప ఆకారం పిడి, పైన రంగు రేకు, నాసి ఇనుము. నాలుగు రోజులకే మొండిబారితే గుమ్మం బండ మీద రెండుసార్లు రాసి మళ్లీ వాడేది.

ఒకసారి చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద చాకులు కొంటుంటే నేనూ వెంట ఉన్నాను. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని జాడించి చూస్తోంది. జాడిస్తే బ్లేడు దానంతటదే బయటికి వచ్చినవి పక్కన పెడుతోంది, బిగువుగా ఉన్నవి వెనక్కి ఇస్తోంది. అమ్మేవాడికి మతి పోయింది.

"అరె అమ్మా, వో ఢీలా హై. ఖరాబ్ మాల్. యే లేలో, కొత్తది."

"నాకు ఢీలాదే గావాలె భాయ్. ఒంటి చేత్తోని తెరుసుకోవాలె."

"దునియా మొత్తం టైట్ మాంగ్‌తీ, తుమ్ ఢీలా మాంగ్‌తే!"

"నీ దునియాకు బర్లు ఉన్నయా?" అంది పెద్దమ్మ. వాడు నవ్వి, పడేద్దామని పక్కన పెట్టుకున్న వదులు చాకులు కూడా తీసి ఇచ్చాడు.

ఆ చాకులు ఎవరడిగినా ఇచ్చేది. నా పెన్సిళ్లు వాటితోనే చెక్కుకున్నాను. పేడలో పోయినా, గడ్డిలో పోయినా వెతికేది కాదు. "పోతే పోనియ్. చాకే గదా, బర్రె గాదు" అనేది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మాత్రం ప్రతి బర్రె మెడ కింద వేళ్లు దూర్చి తాడు బిగువు చూసేది. ఎంత పని ఉన్నా ఇది మానేది కాదు. బోనాల నాడు గుడికి బయలుదేరి గల్లీ మలుపు దాకా వెళ్లి తాడు చూడటానికి వెనక్కి రావడం నా కళ్లతో చూశాను.

ఒక ఏడు వానాకాలం ముందు తమ్ముడు సెలవు మీద వచ్చాడు. అక్కకు చీరతో పాటు ఒక విదేశీ చాకు తెచ్చాడు. ఎర్రటి నున్నని పిడి. అందులో రెండు బ్లేడ్లు, కత్తెర, డబ్బా మూత తీసే కొక్కెం, మర తిప్పేది, పళ్లు కుట్టుకునే పుల్ల. అతను ఒక్కొక్కటే తెరిచి చూపిస్తుంటే గల్లీ జనం మూగారు.

"గిది గా దేశంల దొరలు వాడేదక్కా. జిందగీ మొత్తం తుప్పు పట్టదు."

పెద్దమ్మ దాన్ని కొత్త గుడ్డలో చుట్టి పెట్టెలో దాచింది. మర్నాడే అతను బయటికి తీశాడు. "పెట్టెల పెట్టుకునేటందుకు తెచ్చిన్నా? నీ రొండిల ఉండాలె." ఆమె నల్లదారంతో దాన్ని రొండికి కట్టుకుంది, పోతుందేమోనని రెండు ముళ్లు వేసి. ఆ వారంలోనే పాత ఇనుము కొనే కబాడీవాడు గల్లీలోకి వస్తే, "గీ తుప్పు ముక్కలెందుకు ఇంకా" అని తమ్ముడు రేకు సందులోది, డబ్బాలోది, గోలెం మీదిది అన్నీ ఏరి వేసి ఉల్లిగడ్డలు తీసుకున్నాడు. పెద్దమ్మ చూస్తూనే ఉంది. కాదనలేదు. రెండేళ్లకోసారి వచ్చే తమ్ముడు.

నేను గమనించింది ఒకటే. ఇదివరకు తాళ్లు తడిమే చెయ్యి ఇప్పుడు మాటిమాటికీ రొండిని తడమడం మొదలుపెట్టింది. ఎవరైనా చాకు అడిగితే ఇవ్వడానికి జంకేది. పేడ తీసేటప్పుడు దాన్ని విప్పి గూట్లో పెట్టి, మళ్లీ కట్టుకునేది. మనిషికి కొత్త ఫికర్ ఒకటి వచ్చి చేరింది.

తర్వాత కొన్నాళ్లకు ఒక సాయంత్రం పెద్దవాన. గల్లీ నీళ్లు కొట్టంలోకి వచ్చాయి. నేను డిపో నుంచి వచ్చి తల తుడుచుకుంటుండగా "తమ్మీ!" అని కేక. పరుగెత్తాను. లచ్చి అనే బర్రె సూడితో ఉంది, నెల రోజుల్లో ఈనేది. బండల మీద వెనక కాళ్లు జారి గాడి పక్కకు పడింది. మెడ మాత్రం గుంజకు కట్టిన తాడు మీద వేలాడుతోంది. పెద్దమ్మ దాని దవడ కింద భుజం పెట్టి లేపుతోంది. నేనూ రెండో పక్క భుజం పెట్టాను. ఎంత లేపినా ఆ బరువు మా మీదికి దిగుతూనే ఉంది.

తమ్ముడు వచ్చాడు. "రొండిల చాకున్నది, తియ్యి!" అని పెద్దమ్మ అరిచింది. నల్లదారం తడిసి ముళ్లు రాలేదు. తెంపాడు. చేతులకు పేడ, నీళ్లు. గోరు పెట్టి లాగితే కత్తెర వచ్చింది.

"అది గాదురా!"

దాన్ని మూసి ఇంకోటి లాగాడు. కొక్కెం.

"పెద్దది తియ్యి, పెద్దది!"

"అన్ని ఒక్క తీర్గనే ఉన్నయక్కా!"

చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. చొక్కా కూడా తడిదే. లచ్చి గొంతులోంచి గురక లాంటి చప్పుడు వస్తోంది. నాలుక పక్కకు వచ్చింది. అది నా చెవి పక్కనే. కాసేపటికి ఆ చప్పుడు కూడా సన్నబడింది. పెద్దమ్మ అరవడం మానేసింది. నాకు భయమేసింది అప్పుడే. అతను గోరు చీలి నెత్తురు కారుతుంటే, పిడిని పళ్ల మధ్య పట్టుకుని, ఆఖరికి బ్లేడు లాగాడు. ఒక్క దెబ్బకు తాడు తెగింది. దాని పదునుకు వంక పెట్టలేం. చవక చాకైతే ఆ తాడును రంపంలా రాయవలసి వచ్చేది.

బతికిందో లేదో అప్పుడు తెలియలేదు. ఊపిరి మాత్రం ఉంది. మర్నాడు పొద్దున పశువుల డాక్టర్ వచ్చి మెడ నొక్కి చూశాడు. "లోపల వాచింది. సాయంత్రం లోపల నీళ్లు మింగితే బతుకుతది. మింగకుంటే నా చేతుల లేదు" అని వెళ్లిపోయాడు.

తమ్ముడు ఆ ఎర్ర చాకును మురుగు నాలాలో పారేస్తానని లేచాడు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎందుకురా? తాడు కోసింది అదే గదా. తెరుసుడు మనకు రాలే, దాని తప్పేమున్నది?"

"నన్ను తిట్టక్కా. తిట్టు."

"నిన్ను తిడితే లచ్చి నీళ్లు తాగుతదా? బకెట్ అందుకో."

అతను బావి దగ్గరికి వెళ్లాక నాతో మెల్లగా అంది: "ఆ పాత చాకుల ముచ్చట వానికి యాది చెయ్యకు బిడ్డా. మొకం చిన్న జేసుకొని పోతడు మళ్ల." ఆ మాట ఆమె చివరిదాకా నిలుపుకుంది. తర్వాతి సంవత్సరాల్లో తమ్ముడు వచ్చినప్పుడల్లా ఎర్ర చాకును రొండికి కట్టుకునేది. అతను వెళ్లాక నూనె రాసి పెట్టెలో పెట్టేది. ఒకరి మీద కోపం రావలసిన చోట ఆమె చూపిన ఈ జాగ్రత్త నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు.

తమ్ముడికి ఎవరూ యాది చెయ్యనక్కర లేకపోయింది. మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి కాగితం పొట్లంతో వచ్చాడు. విప్పితే చవక చాకులు. ఒక్కొక్కటే జాడించి చూపించాడు. అన్నీ టక్కున తెరుచుకున్నాయి.

"అన్ని ఢీలావే ఏరిన అక్కా. 'మీ ఖాందాన్ మొత్తం గింతేనా' అన్నడు గా చాకులోడు."

ఆ రోజు పెద్దమ్మ నవ్వింది అప్పుడొక్కసారే. అతను వాటిని మళ్లీ రేకు సందులో, డబ్బాలో, గోలెం మీద పెట్టి వచ్చి మా పక్కన కూర్చున్నాడు.

పొద్దు వాలుతోంది. బెల్లం నీళ్లు చెంబుతో పోస్తే మూతి చివరల నుంచి బయటికే కారుతున్నాయి. పెద్దమ్మ తడిగుడ్డతో నాలుక తడుపుతూనే ఉంది. డాక్టర్ చెప్పిన వేళ దగ్గరపడుతోందని ముగ్గురికీ తెలుసు. లచ్చి ఎప్పటికో మెడ చాచి మూతి బకెట్‌లో పెట్టింది. నీళ్లు కదిలాయి, అంతే. తాడు ఒరిసిన చోట వెంట్రుకలు ఊడి తోలు ఎర్రగా ఉంది. తమ్ముడు ఏదో అనబోతే పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆ ఎరుపు మీదుగా, లోపల, ఒక గుటక మెల్లగా కదిలింది. పెద్దమ్మ చూపుడు వేలు తోలుకు తగలకుండా, గాలిలోనే, ఆ గుటక వెంట గొంతు నుంచి ఛాతీ దాకా కిందికి దిగింది.