ఆవగింజ జారని తాబేలు

తప్పు నాదే. ఫ్యాక్స్‌లో "రఫ్" అని తెల్లంగా ఉండాది. చదివినా. చదివి, నాకు తెలిసిన రఫ్ ఏదో అదే చెప్పినా. ఇస్కూల్లో మాకు రెండు నోట్లుంటాండె, రఫ్ నోటు, ఫేర్ నోటు. ముందు రఫ్‌లో గీకి, తర్వాత ఫేర్‌లో ముద్దుగా రాసేది. ఆళ్లగడ్డ బస్టాండు కాడ ఎస్టీడీ బూత్ పెట్టుకుని, డిక్షనరీ బట్టీ కొట్టి ఇంగ్లీషు నేర్చుకున్నోనికి అంతకంటే ఏం తెలుస్తాది? "ముందు రఫ్ చేయమన్నారత్తా, తర్వాత ఫేర్ చేసుకో" అన్నా. ఆ ఒక్క మాటకు నాగేశ్వరమ్మ రెండు నెలలు రాయి రుద్దింది.

నాగేశ్వరమ్మ అంటే మా ఊర్లో శిల్పాల షెడ్డు నడిపే దేవరాజు చెల్లెలు. చుట్టరికమేం లేదు, వరుస చూడకుండా ఆమెను అత్తా, ఆయప్పను మామా అంటా. నడక రాకముందే ఉలి నోట్లో పెట్టుకుని చప్పరించిందంట. ఆ ఉలి చేతిలో మాత్రం ఎక్కువ దినాలు నిలవలే. తొంభై ఒకటిలో మొదటిసారి సొంతంగా వినాయకుని చెక్కింది. ఇంక కళ్లు తెరిచేదొక్కటే మిగిలింది. ఆ పొద్దు తొండం కాడ పగులు బయటపడింది. అది రాయిలోనే ఉన్న పగులు, ఆమె దెబ్బ తప్పు కాదు. అయినా భిన్నమైన విగ్రహాన్ని షెడ్డులో పెట్టుకోరు, నీళ్లలో కలపల్ల. దేవరాజు దాన్ని బండి మీద ఏసుకపోయి కుందూ ఏట్లో వదిలేసి వచ్చి, కాళ్లు కడుక్కుంటా అన్నాడు.

"నీ చెయ్యి నునుపుకు బాగుంటాది నాగీ. చెక్కుడు నాకు ఇడిసిపెట్టు."

పదమూడేండ్లు అదే పని. దేవరాజు చెక్కిన ప్రతి అమ్మవారి చెంపా, ప్రతి నంది వీపూ ఆమె నీళ్లు పోసి రుద్ది నిగనిగలాడించినవే. చూసినోళ్లు "దేవరాజు చెయ్యంటే చెయ్యే" అంటాండిరి. నందిని చెక్కినాయప్పకు పేరొచ్చింది, దాని వీపు రుద్దినామెకు నడుము నొప్పి వచ్చింది.

రెండువేల నాలుగులో దేవరాజు షెడ్డు పేరు మీద నా బూత్‌కు ఆ ఫ్యాక్స్ వచ్చింది. పంపింది విశాఖపట్నంలో అగాధ ఫౌండేషన్ అని ఒక సంస్థ. కెమెరా కట్టిన యంత్రాన్ని సముద్రం అడుక్కు దింపి, మనిషి పోలేని లోతులో ఏముండాదో చూసేది వాళ్ల పని. చూసి ఊరుకోరు, పాడైన తావును బాగు చేస్తారు. ఒకచోట పెద్ద వలలు ఈడ్చి ఈడ్చి సముద్రం అడుగంతా గచ్చు మాదిరి చదునైపోయిందంట. చేపలు గుడ్లు పెట్టేకి రాయి చాటు కూడా లేదంట. ఆడ దింపేకి, కడుపులో బొక్కలుండే రాతి తాబేళ్లు ఐదు కావల్లని రాసినారు.

"ఫౌండేషనా?" దేవరాజు మీసం గోక్కున్నాడు. "సముద్రంలో ఇల్లు కడతాండారా ఏందీ? పునాది రాళ్లు కావల్లంటే గని కాడికి పొమ్మను."

"ఇంటి ఫౌండేషన్ కాదు మామా, సంస్థ పేరు."

"నీ మాట నేను నమ్మల్లనా?"

నమ్మకపోయేకి కారణముంది. ముందటేడు దొంగ ఫ్యాక్స్ ఒకటి చూపించి, మంత్రి వస్తాండాడని ఆయప్పను ఇస్త్రీ చొక్కాతో నంద్యాల స్టేషన్లో మధ్యాహ్నమంతా నిలబెట్టినా. ఈసారి ఆయప్ప నా బూత్‌కొచ్చి, తనే విశాఖపట్నంకు ఫోన్ చేసి, నిజమేనని తేల్చుకున్నాడు. అయినా తల అడ్డంగానే ఊపినాడు.

"మన షెడ్డులో నుంచి నీళ్లకు పోయేది ఇరిగిందే. నీళ్లలో ఏసేకి నేను చెక్కను."

నాగేశ్వరమ్మ పాలిష్ రాయి కింద పెట్టింది. "నేను చెక్కుతానన్నా."

"చెక్కి నీళ్లకిస్తావా?"

"పోయినసారి ఇరిగి పోయింది. ఈసారి ఇరగకుండా పోతాది."

దేవరాజు తన ఉలి తీసి ఆమె ముందర పెట్టినాడు. "సరే చెక్కు. వాళ్లు వద్దన్నారంటే మాత్రం మళ్లీ నన్ను ఉలి అడగొద్దు."

నాగేశ్వరమ్మ సముద్రం చూసిందే లేదు. ఆమె చూసిన పెద్ద నీళ్లు వెలుగోడు రిజర్వాయరు. ఫ్యాక్స్‌లో బొమ్మను తిప్పి తిప్పి చూసింది.

"దీనికి కాళ్లు యాడ పోయినాయిరా హరిగా? తెడ్లు పెట్టినారే?"

"సముద్రం తాబేలుకు అట్లే ఉంటాయంటత్తా."

"పోనీలే, ఈత కొట్టేదానికి అవే మేలు."

రెండు నెలలు చెక్కింది. నా పుణ్యాన ఇంకో రెండు నెలలు ఫేర్ చేసింది. తాబేలు డిప్పలు ఎట్లా మెరిసినాయంటే, దేవరాజు ఒక పొద్దున వాటిలో చూసుకుని మీసం దువ్వుకున్నాడు. మెచ్చుకోలు మాట ఆయప్ప నోట్లో నుంచి రాదు, ఆ దువ్వుడే మెచ్చుకోలు.

ఒక సోమవారం ఫౌండేషన్ నుంచి జాహ్నవి అనే పిల్ల వచ్చింది. పుట్టింది నంద్యాలలో, చదివింది సముద్రం గురించి. తాబేలును తడిమి చూసి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"చానా అందంగా ఉన్నాయి పెద్దమ్మా. కానీ మేము రఫ్‌గా అడిగినాం కదా?"

"రఫ్ ఎప్పుడో అయిపోయింది పాపా. ఇది ఫేర్."

ఇద్దరూ నా పక్కకు తిరిగినారు.

"బూత్‌లో ఫోన్ మోగుతాంది," అన్నా.

"అర మైలు దూరం ఇనపడిందారా? రఫ్ అంటే ఏందో చెప్పి పో," అనింది నాగేశ్వరమ్మ.

జాహ్నవే చెప్పింది. రఫ్ అంటే గరుకు. ఆల్చిప్ప పిల్లలు నీళ్లలో కొట్టుకుంటా వచ్చి రాయిని పట్టుకుంటాయి. రాయి నున్నగా ఉంటే వాటికి పట్టు దొరకదు. నంద్యాల నుంచి లారీ శుక్రవారమే వస్తాది, విశాఖపట్నంలో పడవ కూడా సిద్ధం. "ఇట్లుంటే నేను తీసుకపోలేను పెద్దమ్మా."

దేవరాజు కుందూ దిక్కు చూసినాడు, అంతే.

నాగేశ్వరమ్మ కొంగు దోపుకుంది. "ఆ పిల్లలు ఎంతుంటాయి పాపా?"

"ఆవగింజంత. అంతకంటే చిన్నవీ ఉంటాయి."

ఆమె ఇంట్లోకి పోయి పోపుడబ్బా తెచ్చింది. గుప్పెడు ఆవాలు డిప్ప మీద పోసింది. ఒక్కటి నిలవలే, అన్నీ జలజలా జారి నేల మీద పడినాయి. మొన ఉలి తీసుకుంది. పదమూడేండ్లుగా ఎవరి రాయి మీద చిన్న గీత పడినా ఆమె గుండె జల్లుమంటాండె. ఇప్పుడు తను రుద్దిన నునుపు మీద తనే గంటు పెట్టల్ల. మొదటి దెబ్బ కళ్లు మూసుకుని ఏసింది. రెండోది తెరుచుకునే ఏసింది.

అప్పటి నుంచి జానెడు చెక్కేది, ఆవాలు చల్లేది, చెంబెడు నీళ్లు పోసేది. జారితే మళ్లీ దెబ్బ. బుధవారానికి మూడు తాబేళ్లే అయినాయి. దేవరాజు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మూడు దినాలాయె, చారులో పోపు లేదు," అన్నాడు. ఉలి చేతికి తీసుకున్నాడు. "యాడ కొట్టల్లో చెప్పు."

అన్న తనను అడిగింది అదే మొదటిసారి. ఆమె వేలితో చూపించింది.

శుక్రవారం జాహ్నవి ఆవాలు చల్లి, చెంబు కాదు, బకెట్ నీళ్లు కుమ్మరించింది. సగానికి పైగా గంట్లలోనే నిలిచినాయి. ఆ పిల్ల ముఖం విచ్చుకుంది. తాబేలు కళ్లు మాత్రం నున్నగానే ఉన్నాయి.

"ఇవి మర్చిపోయినారా పెద్దమ్మా?"

"మర్చిపోలే. కండ్లకు ఏదీ పట్టుకోకూడదు. అది చూడల్ల గదా."

"అట్లే ఉండనీ," అని జాహ్నవి లారీకి ఎక్కించమనింది.

మరుసటేడు పోస్టులో ఫోటో వచ్చింది. తాబేలు వీపంతా చిప్పలూ నాచూ, కడుపు బొక్కలో నుంచి ఒక చేప తొంగిచూస్తాండాది. దేవరాజు దాన్ని షెడ్డు గోడకు కొట్టినాడు. వచ్చినోళ్లకు "మా చెల్లెలు చెక్కింది" అని చూపిస్తాండాడు. ఈ మధ్య వినాయకుని రాయి ఒకటి, పగులుందేమో తనే తట్టి తట్టి చూసి, ఆమె ముందర పెట్టినాడు.

నేను ఊరుకుంటానా? ఆమె తొండం చెక్కుతాంటే పోయి అడిగినా. "అత్తా, నేను రఫ్ అంటే సరిగ్గా చెప్పింటే, మామ నీ పక్కన కూర్చుని యాడ కొట్టల్ల అని అడిగేవాడా? ఈ పేరంతా నా వల్లే కదా?"

ఆమె తల ఎత్తలే. తొండం మీద దుమ్ము ఊదింది.

"అవునురా. మీయమ్మ నిన్ను రఫ్‌లో కనింది. ఫేర్ చేసేకి ఆమెకు పొద్దు చాల్లే."