చెరిసగం మాత్ర

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలంలో, ఆదోని పక్క ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో నన్ను టీబీ విభాగానికి సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌గా వేశారు. అప్పటికి నా వయసు ఇరవై ఆరు. కాంట్రాక్టు ఉద్యోగంలో సీనియర్ అనే మాట హోదాతోపాటే వస్తుంది. రెన్యువల్ కాగితం రానప్పుడు రిటైర్మెంటు వస్తుంది. నాకది ముప్పై లోపే వచ్చింది. ఆ లెక్కన ఇవి విశ్రాంత ఉద్యోగి జ్ఞాపకాలే.

రోగుల ఇళ్లకు మాత్రలు చేర్చడం, మింగుతున్నారో లేదో కనుక్కోవడం, గడువుకు కళ్లె పరీక్ష చేయించడం నా పని. నాలుగు మందులు కలిపిన ఆ మాత్రలను బరువును బట్టి ఆరు నెలలపాటు రోజూ వేసుకోవాలి. మోతాదు తగ్గితే క్రిమి చావదు, మందుకు అలవాటు పడుతుంది. దాన్ని మొండి టీబీ అంటారు. మా శాఖలో మొండివి ఇంకా చాలా ఉన్నాయి గానీ వాటికి పరీక్ష లేదు.

ఏసోబు పత్తి చేలల్లో కూలికి పోయేవాడు. మందులు మొదలయ్యాక అతని దగ్గు తగ్గుముఖం పట్టింది. అంతలో భార్య మార్తమ్మ కళ్లెలోనూ క్రిమి కనిపించింది. సరిగ్గా అప్పుడే జిల్లా స్టోరులో మాత్రలు నిండుకున్నాయి. మిగిలినవి ఇప్పటికే వాడుతున్నవాళ్లకే ఇవ్వాలని, కొత్తవాళ్లు ఆగాలని పైనుంచి ఫోనొచ్చింది. క్రిములకు ఆ ఫోను అందలేదు. వారంలో వస్తాయని స్టోరువాళ్లు నాకు చెప్పారు, నేను మార్తమ్మకు చెప్పాను. ఆ వారం నెల దాటినా అయిపోలేదు.

రెండు నెలల తర్వాత చేసిన పరీక్షలో ఏసోబు క్రిమి ప్రధాన మందుకు లొంగదని తేలింది. వాళ్లింటికి వెళ్లాను.

"నిజం చెప్పు ఏసోబన్నా, మాత్రలు మానేసినావా?"

"యాడ మానేస్తినప్పా? దినామూ మింగుతానే ఉండా."

పొయ్యి దగ్గరున్న మార్తమ్మ అందుకుంది. "ఇరిసి చెరిసగం మింగుతాండాం. నువ్వేమో వారం, వారం అంటివి. నేను దగ్గి దగ్గి సస్తాంటే ఆయప్ప చూస్తా కూసుంటాడా?"

"ఒకరి మందు ఇద్దరు మింగితే ఎట్లమ్మా?"

"చర్చిలో రొట్టె ఇరిసి అందరికీ పెడ్తారు గదప్పా," అన్నాడు ఏసోబు. "ఇంట్లో ఉండేది ఇద్దరం. ఆయమ్మను తిట్టొద్దు, ఇరిసిచ్చింది నేనే."

మార్తమ్మ క్రిమి మందుకు లొంగుతుందో లేదో చూడమని ఆమె కళ్లెనూ పరీక్షకు పంపాను.

ఆ తర్వాత మాత్రలొచ్చాయి. మార్తమ్మ క్రిమి ఇంకా మందుకు లొంగుతూనే ఉండడంతో ఆమెకు పూర్తి కోర్సుతో నయమైంది. ఏసోబును కర్నూలు పెద్దాసుపత్రికి పంపి, మొండి టీబీ మందులు మొదలుపెట్టారు. వాటిని అతని కాలేయం తట్టుకోలేదు. జొన్న కోతల నాటికి చనిపోయాడు.

జిల్లా సమీక్షలో పై అధికారి ఒక్కటే అడిగాడు, రోగికి కౌన్సెలింగ్ ఇచ్చారా అని. ఇచ్చామన్నాను. మా దగ్గర ఎప్పుడూ నిండుకోని సరుకు అదొక్కటే. రోగి నిర్లక్ష్యమే మరణానికి కారణమని తేల్చి, తర్వాతి అంశానికి వెళ్లారు. ఆ తర్వాతి అంశం, నయమైన రోగులకు సన్మానం. ఆ సంగతి చెప్పడానికి వెళ్తే మార్తమ్మ తలుపు దగ్గరే నిలబెట్టింది.

"ఆయప్పది తిని బతికినదాన్ని. నాకు శాలువా ఏందప్పా? పో."

నేను నేర్చుకున్నది ఇది. కొరత వచ్చినప్పుడు మందు ఎవరికన్నది స్టోరులో తేలదు, ఇంట్లో తేలుతుంది. ఇద్దరు దగ్గే ఇంటికి ఒకరి మందు పంపితే, ఇద్దరికీ సగం పంపినట్టే.