గిటార్ స్పీకర్‌కు నల్ల పూత

2023 ఎండాకాలం. కొత్తగూడెంలో మా స్పీకర్ రిపేరు దుకాణం. నా చదువు నాలుగో తరగతితోనే ఆగింది. మా ఆయన పక్కన కూర్చుని కోన్లు అంటించడం నేర్చుకున్నాను. కోన్ అంటే స్పీకర్‌లో ఊగే కాగితపు గిన్నె. ఆయన పోయాక ముప్పై ఏళ్లుగా ఆ పని నేనే చేస్తున్నాను.

ఆ రోజు కారేపల్లి యాకూబ్ తన గిటార్ యాంప్లిఫయర్‌ను, స్పీకర్ బిగించి ఉన్న డబ్బాతో సహా, మోసుకొచ్చాడు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాడు.

"అమ్మా, దీని గొంతు పోయింది. ఎంత గట్టిగ కొట్టినా దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టుంది. ఆదివారం భద్రాచలంల పెళ్లి. గిట్లనే మోగితే ఇగ రావద్దన్నడు మా ఓనరు."

వెనక పలక విప్పి చూడగానే ఒళ్లు మండింది. కోన్ నిండా నల్ల వార్నిష్, అదీ రెండు పూతలు.

"ఎవడు చేసిండ్రా గీ పని? తారు రోడ్డేసినట్టు పూసిండు. వాని చేతులిరగ."

"పోయిన వానకాలం మా బామ్మర్ది స్పీకరొక్కటే ఇప్పుకపోయి చేయించుకొచ్చిండు. ఏడనో తెల్వదు."

మైక్ సెట్టు స్పీకరైతే తనకిచ్చిన శబ్దాన్ని ఉన్నదున్నట్టు మోస్తే చాలు. గిటార్ స్పీకర్ అలా కాదు. గట్టిగా మీటితే పలచటి కాగితం తానే మెలికలు తిరిగి కొంత గరుకు కలుపుతుంది. ఆ గరుకే గిటార్ గొంతు. పూత బరువెక్కితే కాగితం కదలదు, పై స్వరాలు చచ్చిపోతాయి. ఈమాత్రం తెలియనివాడు కుంచె ఎందుకు పట్టాలి?

తిడుతూనే డస్ట్ క్యాప్, అంటే కోన్ నడుమ ఉండే బిళ్ల, ఊడదీశాను. కింద ఎర్ర పెన్సిల్‌తో మూడు చుక్కలు. నేను చేసిన ప్రతి స్పీకర్‌కూ పెట్టే గుర్తది.

"ఇది నా చెయ్యే, యాకూబూ."

"మరి ఇందాకటి తిట్లు ఎవరికి తగిలినయమ్మా?"

"నాకే. నోర్మూసుకొని కూసో."

వానాకాలం వస్తే అడవి ఊళ్ల తేమకు కాగితం నానకుండా వచ్చిన ప్రతి కోన్‌కూ రెండు పూతలు వేయడం మా దుకాణం అలవాటు. వస్తువు మన్నితే చాలనుకున్నాను. ఏ డబ్బాలోదని ఒక్క మాట అడగలేదు.

ఆ కోన్ కోసేసి, దాచి ఉంచిన పలచటిది అంటించాను. జిగురు ఆరాక మర్నాడు యాకూబ్ వచ్చి మీటితే శబ్దం చెవిలో సూదిలా దిగింది. ఆ వాడి తగ్గడానికి ఎడ్జ్ మీద, అంటే అంచు మడతల మీద మాత్రమే, సన్నటి కుంచెతో పలచగా పూశాను. ఆరనిచ్చి విన్నాం. మళ్లీ పూశాను. రెండోసారికి యాకూబ్ చెయ్యెత్తాడు.

"ఆగమ్మా. ఇదే."

మెల్లగా మీటితే మెత్తగా పలికింది, గట్టిగా కొడితే గొంతు గరుకుగా చీరుకుంది.

"గింత పల్చగుంటే జల్దీ చినుగుతది" అన్నాను.

"చినిగితే మళ్ల తెస్త. బతికినన్ని రోజులు మాట్లాడనియ్."

సోమవారం ఫోన్ చేశాడు, ఓనరు వచ్చే పెళ్లికీ రమ్మన్నాడట. నా కోపం మాత్రం చల్లారలేదు. మన్నిక ఒక్కటే చూసి, గొంతున్న వస్తువును మూగదాన్ని చేశాను. ఇప్పుడు ఎవరైనా వట్టి స్పీకర్ తెస్తే "డబ్బా ఏదీ?" అని కసురుతాను. ముసలిదానికి నోరెక్కువంటారు. ఆ కసురు వాళ్ల మీద కాదు.