రాజమల్లు వేసిన అతుకు

వరంగల్ కాశిబుగ్గలో మగ్గం అమ్ముకున్ననాడు రాజమల్లుకు ముప్పై రెండేళ్లు. ఆ తర్వాత పదకొండేళ్లు ఆ ఊళ్లోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో దినకూలీగా గుంతలు తవ్వాడు, వైర్లు లాగాడు. పర్మినెంటు చేస్తామని ఏటా చెప్పేవారు. పర్మినెంటు అయితే పింఛను వస్తుంది, జ్వరమొస్తే సెలవుంటుంది. కూలీకి జ్వరమొస్తే ఆ రోజు పొయ్యి వెలగదు.

1986 ఎండాకాలంలో వెంకటేశ్వర్లు అనే కుర్ర లెక్చరర్ విడిభాగాలు తెచ్చి సొంతంగా చిన్న కంప్యూటరొకటి బిగించుకున్నాడు. దాన్ని కాలేజీలోని పెద్ద కంప్యూటర్‌కు కలపాలి. మధ్య దూరం మూడు వందల గజాలు. సూపర్‌వైజర్ రాంచందర్ ఆ పని రాజమల్లుకు అప్పగించాడు.

"జూన్ల పెద్దసార్లు చూడొస్తాండ్రు. లైన్ నడిచిందనుకో, పర్మినెంటు లిస్టుల ఫస్టు పేరు నీదే. ఇగ జూస్కో."

కాలువ తవ్వి పరిస్తే కేబుల్ సగం దూరానికే వచ్చింది. ఇంకో ముక్క అతకాలి. అతుకులోకి నీళ్లు దిగకుండా మూసే పెట్టె కావాలని వెంకటేశ్వర్లు ఎదుటే రాంచందర్‌ను అడిగాడు రాజమల్లు.

"నేతోనివి, అతుకుడు నీకు నేను నేర్పాల్నా?" అని కసిరాడు రాంచందర్. "టేపు సుట్టు, అయిపోతది."

పాత పడుగుకు కొత్త పడుగు అతికేటప్పుడు పోగులు జారకుండా నేతగాళ్లు వేళ్లకు బూడిద అద్దుకుంటారు. చెమట వేళ్లలో రాగితీగలు జారుతున్నాయి. కూలీలు చాయ్ కాచుకున్న పొయ్యిలోంచి చిటికెడు బూడిద తీసి, తీగ తర్వాత తీగ మెలిపెట్టి, టేపు చుట్టాడు.

"వారెవ్వా రాజమల్లూ! ముడి లేకుంటనే అతికినవు గదా!" పక్కనే నిలబడ్డ వెంకటేశ్వర్లు మురిసిపోయాడు.

మర్నాడు చిన్న కంప్యూటర్ తెర మీద పెద్ద కంప్యూటర్ పంపిన అక్షరాలు పడ్డాయి.

"మాట్లాడుకున్నయా నీ కంప్యూటర్లు?" అని అడిగింది భార్య లచ్చవ్వ.

"ఓ! నా వైర్ల నుంచే మాట్లాడుకున్నయి."

"నీ పర్మినెంటు ముచ్చట గూడ చెప్పుకున్నయా మరి?"

"నవ్వకే. ఈసారి పక్కా."

జూన్‌లో మూడు రోజులు ముసురు పట్టింది. పెద్దసార్లు వచ్చేసరికి తెర నల్లగా ఉంది. తవ్వి చూస్తే అతుకు నిండా నీళ్లు, తీగల మధ్య తడిసిన బూడిద.

విచారణ పెట్టారు. "ఎవ్వర్నడగకుంట బూడిద పూసిండు సార్," అన్నాడు రాంచందర్. పెట్టె అడిగినట్టు కాగితం లేదు. కూలీ అడిగినవి ఏ ఆఫీసు రాసిపెట్టింది గనక! బూడిద లేకపోయినా ఆ టేపు ఒక్క వానకు ఆగేది కాదు. ఆ సంగతి వెంకటేశ్వర్లుకు తెలుసు.

"సార్, నేను పెట్టె కావాలన్నది మీరు ఇన్నరు గదా. జర చెప్పుండ్రి."

వెంకటేశ్వర్లు కిటికీ వైపు తిరిగాడు.

రేపటి నుంచి రావద్దన్నారు. లచ్చవ్వ లెక్చరర్‌ను నోటికొచ్చినట్టు తిట్టింది. రాజమల్లు అడ్డుపడ్డాడు.

"తిట్టకే. ఆయనది గూడ టెంపరరీ నౌకరే. ఆయన కాయితం మీద సంతకం పెట్టేది గూడ ఆ సార్లే."

ఆగస్టులో వెంకటేశ్వర్లు పర్మినెంటు కాగితం మీద ఆ సంతకం పడింది. రాజమల్లు ధాన్యం మార్కెట్లో బస్తాలు మోశాడు. మూడేళ్లకు జ్వరమొచ్చింది. ఒక్క పూట కూడా పని మానలేదు. నాలుగో రోజు బస్తా కిందే పడిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.