అమ్మ నొక్కిన నవ్వు మొహం

ఇది ఒక మహాయుద్ధం కథ. ఒకవైపు నా గుండె, మరోవైపు తమిళనాడులో మా పెన్నాగరం నుంచి ధర్మపురికి పోయే బస్సు. నిజానికి యుద్ధమేమీ లేదు. బస్సెక్కితే నాకు ఊపిరాడదు, సగం దారిలో దిగిపోతాను, అంతే. టైల్స్ పనికి నాలుగుసార్లు ఆలస్యంగా పోయేసరికి మేస్త్రీ, ఇంకోసారైతే రానక్కర్లేదన్నాడు.

ధర్మపురి ఆసుపత్రిలో కౌన్సెలింగ్ మేడం నాతో వారం వారం మాట్లాడేది. ఆ మాటల బలంతోనే మళ్లీ బస్సెక్కేవాణ్ణి. దానికి తోడుగా ఫోన్‌లో ఒక యాప్ వేసింది. పొద్దున ఆరింటికి అది గంట కొడుతుంది. నవ్వు నుంచి ఏడుపు దాకా తెరమీదున్న ఐదు మొహాల్లో మన స్థితికి తగినది నొక్కాలి, అది మేడం కంప్యూటర్‌లో కనబడుతుంది. తర్వాత ఒక నీలం గుండ్రం ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే, దానితోపాటు ఊపిరి తీయాలి. మా నాన్న మాట కూడా నేను ఇంత బుద్ధిగా విన్నది లేదు.

రెండో వారం నుంచి మొహాలు కనబడలేదు, గుండ్రమొక్కటే మిగిలింది. యాప్‌కీ నామీద విసుగు పుట్టిందనుకున్నాను.

నెలాఖరున మేడం కంప్యూటర్ చూసి మురిసిపోయింది. "మూడు వారాలుగా రోజూ నవ్వు మొహమే! ఇక మూడు నెలలకొకసారి వస్తే చాలు" అని తమిళంలో చెప్పింది. ఆ రోజు కూడా నేను సగం దారిలో దిగి, మిగతాది నడిచి వచ్చినవాణ్ణి.

ఇంటికి పోయి అమ్మను నిలదీశాను.

"నా ఫోన్ ముట్టుకున్నావా?"

"రోజూ గంట కొట్టె. నువ్వు నీళ్లు పోసుకుంటా ఉంటివి. మొహాలొచ్చినాయి, నవ్వేదాన్ని నొక్కినాను. ఊరికే మోగనిస్తారేమిరా?"

"నాకు బాగలేదని వాళ్లకు తెలియాల కదమ్మా!"

"పరాయామెకు ఏడుపు మొహం చూపిస్తారా? ఎవరడిగినా బాగుండామనే కదా చెప్తాము. మనకు మరియాద లేదా?"

"నీ మరియాదతో నా వైద్యం నిలిపేసినారు."

"చూస్తివా, నయమయిపోయె!"

నాన్న గోడ కడుతూ పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న రోజు కూడా, వాకిట్లో అడిగినవాళ్లకు ఈమె "బాగుండాడు" అనే చెప్పింది. లోపల ఆయన అరుస్తున్నాడు. ఆ సంగతి గుర్తుచేస్తే, అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది, గుండ్రం లేకుండానే.

మళ్లీ మేడం దగ్గరికి పోయాను. అమ్మ నొక్కిందంటే ఆమె పూర్తిగా నమ్మలేదు. రెండు వారాలు నా చేత్తో నేను నొక్కి చూపిస్తే, వారం వారం రావచ్చంది. బాగలేనివాడు బాగలేనని రుజువు చేసుకోవాలి.

పాత మొహాలు మార్చడం కుదరదట. యాప్ తీసేసి మళ్లీ వేసుకోవాలి. అది నలభై ఎంబీ, ఆ డేటా ఖర్చూ నాదే.