ట్రాలీల దుబాయ్ కాఫీ

మా ఆయన దుబాయ్‌ల కాఫీ హోటల్ల పని చేస్తడు. ఏండ్ల సంది మందికి కాఫీ చేస్తుండు గని, నాకు ఒక్కనాడు కలిపియ్యలే. మాది కోరుట్ల, తెల్లారితే చాయ్ కావాలె మాకు. గీసారి సెలవు మీద వచ్చి, ఎల్లుండి మల్ల పోతడనంగ, "అసలు కాఫీ ఏందో చూపిస్త, నడువు" అన్నడు. ఇంట్ల చేస్తే మజా రాదట. తెల్లోళ్లు బండ్లల్లనే కాపురం పెట్టి, ఏటి ఒడ్డున తాగుతరట.

మాకాడ బండంటే ట్రాక్టర్ ట్రాలీ. అండ్ల పరుపేసి, మీద వడ్లు ఎండబోసే పరద కప్పి, చిన్న సిలిండర్ పెట్టిండు. జగిత్యాల మీదికెళ్లి ధర్మపురి గోదారి ఒడ్డుకు పోయేసరికి నా నడుము నాది కాకుంటైంది. అయినా సంబురమే. ఆయన వచ్చినకాడికెళ్లి ఇల్లంత చుట్టాలే. పక్కపక్కన కూసోని ఒక్క గ్లాసు తాగాలె, గంతే నా ఆశ.

రాత్రి ట్రాలీలనే పండుకొని, తెల్లారి పొద్దుగాల్నే షురూ జేసిండు. నీళ్లు ఎక్కువ కాగొద్దట. జ్వరం చూసే మీటర్ గిన్నెల ముంచిండు, అది కుయ్యికుయ్యిమని మొత్తుకొని సచ్చూరుకుంది. కాఫీ వడబోసే జాలి ఇంట్ల మర్చిపోయి, మా వదిన సిరిసిల్లల కొనిచ్చిన కొత్త తువ్వాలల వడగట్టిండు. "గిదేం కథనయ్యా" అంటే, "మాట్లాడకు, వాసన పోతది" అన్నడు.

వాసన పోయింది నిజమే, గుడికచ్చినోళ్ల దాక పోయింది. తానం చేసిన ఒకాయన తడిబట్టలతోనే వచ్చి, "అన్నా, రెండు చాయ్" అన్నడు. చాయ్ కాదు కాఫీ అంటే, "ఏదో ఒకటి పొయ్యి" అన్నడు. ఆయనెనక ఇంకొకరు. చూస్తుండంగనే లైను కట్టిండ్రు. మా ఆయన కాదనలే, ఒక్కొక్కరికి వంగి వంగి ఇయ్యవట్టె. బిస్కెట్లు లేవా అని ఒకామె నన్ను గదమాయించింది. నాకు కడుపు మండిపోయింది.

మంది పోయినంక అడుగున మిగిలింది గ్లాసుల పోసుకొని నా ముందటికచ్చిండు. వంగి, నా మొఖం కూడ చూడకుంట, "షుగర్, మేడమ్?" అన్నడు.

పరుపు మీద పడి పడి నవ్విన. నవ్వుతుంటెనే ఏడుపొచ్చింది. "కూసోవయ్యా" అన్న.

"డ్యూటీల కూసోవద్దు" అన్నడు.

చెయ్యి పట్టి గుంజి పక్కన కూసోవెట్టిన. కూసున్నడు గని, ఎవరన్న చూస్తుండ్రా అని రెండుసార్లు ఎనకకు తిరిగి చూసిండు.