మామ విమానం తోకలో నేను

ఇరవై రెండేళ్ల వయసులో కాళ్లు ఒకచోట, మనసు ఇంకోచోట ఉంటాయంటారు. ఆ రోజుల్లో నాకు రెండూ ఏ చోటా నిలిచేవి కావు. డిగ్రీ అయిన ఏడాదిలోనే మూడు ఉద్యోగాలు వదిలేశాను: సుచిత్రలో బట్టల షాపు, దూలపల్లిలో మందుల డబ్బాలకు లేబుళ్లు చూసే పని, మళ్లీ సుచిత్రలోనే కంప్యూటర్ సెంటరు. (చివరిదాంట్లో పదకొండు రోజులున్నాను. అమ్మ పన్నెండంటుంది గానీ, పన్నెండో రోజు అన్నానికని వెళ్లి మళ్లీ పోలేదు.) మేడ్చల్‌లో మా ఇంటి ముందు నుంచి వెళ్లే ప్రతి బస్సూ నన్ను వదిలేసి పోతున్నట్టే ఉండేది.

విసిగిపోయిన అమ్మ నన్ను శామీర్‌పేటలో మేనమామ ఇంటికి పంపింది. మామ విమానాల వర్క్‌షాపులో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఊరికే కూర్చోలేక, ఇద్దరు పట్టే చిన్న విమానం విడిభాగాలను పెట్టెల్లో తెప్పించుకుని, కారు షెడ్డులో బిగించుకుంటున్నాడు. కారు ఎండలో మాడుతుంటే రేకులు నీడలో ఉన్నాయని అత్తకు మంట. మామ నన్ను ఎగాదిగా చూసి, "గీ తోకల దూరెటందుకు నువ్వే సరిపోతవు బిడ్డా" అన్నాడు. నా సన్నదనాన్ని మెచ్చుకున్నది లోకంలో ఆయనొక్కడే.

పనేమిటంటే, మామ బయటి నుంచి రేకులను కలిపే రివెట్ మేకు కొడుతుంటే నేను తోక లోపల బోర్లా పడుకుని దాని వెనక ఇనుప దిమ్మ నొక్కి పట్టాలి. కదలకూడదు. కదలకుండా ఉండటం నాకు తెలియని విద్య. అయినా రెండు నెలలు ఎలాగో గడిచాయి. ఇక తోక మూసేసే ముందు పరీక్షించడానికి విమానాల శాఖ అధికారి వస్తానన్న రోజు రానే వచ్చింది. ఆయన కోసం మామ నెలల తరబడి తిరిగాడు. ఆ పొద్దున మిగిలిన చివరి రేకు బిగిస్తున్నాం. చున్నీ తీసి రమ్మని మామ చెప్పినా, నేను తొందరలో నడుముకు చుట్టి వెనక ముడేసుకుని దూరాను. నాలుగు రివెట్లు పడ్డాక పక్కకు జరగబోతే నడుము కదల్లేదు. చున్నీ అంచు రేకు కింద పడి, విమానంలో భాగమైపోయింది.

ముడి విప్పుకుందామంటే ఆ ఇరుకులో చెయ్యి వెనక్కి తిరగదు. అత్త కత్తెర తెచ్చింది. మామ వద్దన్నాడు. గుడ్డ ముక్క రేకుల మధ్య మిగిలితే తేమ పట్టి రేకును తినేస్తుందట, రివెట్లు తొలిచి తీయాల్సిందేనట. డ్రిల్లు కోసం ఆయన ఇంట్లోకి వెళ్లాడో లేదో, గేటు చప్పుడైంది. బూట్లు దగ్గరికొచ్చాయి. టార్చి వెలుగు నా మొహం మీద పడింది.

"లోపల ఎవరు?"

"నేనే సార్, మేనకోడల్ని" అన్నాను, అదేదో విమానంలో ఉండాల్సిన విడిభాగం పేరైనట్టు.

ఆయన నవ్వలేదు. మామ పరుగున వచ్చి సంగతి చెప్పుకున్నాడు. అంతా విని అధికారి, ఎలాగూ అక్కడే ఉన్నాను కాబట్టి లోపలి వరసలు చూసి చెప్పమన్నాడు. ఒక్కొక్క రివెట్టే వేలితో తడుముతూ పోయాను. మూడో వరసలో నా వేలు ఆగింది. అన్నీ బాగున్నాయనేస్తే మామ కష్టం గట్టెక్కుతుంది. కానీ ఆ తోకతో గాల్లోకి వెళ్లేది కూడా మామే.

"మూడో వరసల రెండు వంకరవడ్డయి సార్. గవి గొట్టిన రోజు నేనే జల్దీల దిమ్మ సక్కగ వట్టలే."

టార్చి వెలుగు మూడో వరస మీదికి జరిగింది. తర్వాత అధికారి ఆ రెండూ తీసి మళ్లీ వేయమని, మిగతా అనుమతి సంగతి తానే చూసుకుంటానని అన్నాడు. మామ చున్నీ దగ్గరి రివెట్లు తొలుస్తుంటే టార్చి పట్టింది ఆయనే. నేను పాక్కుంటూ బయటపడ్డాక మామ తిట్టలేదు. "ఇగ నీ మీద నాకు భయం లేదు బిడ్డా" అని మాత్రం అన్నాడు. ఆ మాట కోసమే కాబోలు, విమానం పూర్తయ్యేదాకా ఉండిపోయాను. నేను చివరిదాకా చేసిన మొదటి పని అదే.

మరుసటి చలికాలంలో అనుమతులొచ్చాయి. రెక్కలు విప్పి లారీలో దూరంగా ఒక రన్‌వేకు తీసుకెళ్లి మళ్లీ బిగించాం. పైలట్ పక్కన మామ కూర్చున్నాడు. విమానం లేచింది. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని, రెప్ప వేయకుండా నిలబడింది. నేనేం చేశాను? ఒక్క నిమిషం చూసి, ఆ రన్‌వే ఆఫీసులో ఉద్యోగం ఏమైనా దొరుకుతుందా అని కనుక్కోవడానికి వెళ్లాను. దొరకలేదు. తిరిగొచ్చేసరికి మామ కిందికి దిగేశాడు. ఇప్పుడు నాకు నలభై దాటింది. ఆనాటి నేనే అయిన ఆ పిల్ల ఎదురైతే, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, ఇంకాసేపు చూడవే అనాలనిపిస్తుంది. చెప్పినా వినదని నాకు తెలుసు.